త్యాగమే ఇంటిపేరైన శరణుడు - హరళయ్య

మన ప్రాంతమున క్రొత్త మనిషి ఎదురైనప్పుడు ఊరు అడిగిన పిమ్మట అడుగు ప్రశ్న ఇంటిపేరు. కొడిమ్యాల, మల్యాల, గంగాధర, వేములవాడ పరిసర గ్రామములలో నేటికిని ఈ అలవాటు పోలేదు. ఇంటిపేరు తెలిసినచో మనిషి తెలిసినట్లే యని పెద్దల భావన. ఆ ఒక్క మాట వెంట కులము, శాఖ, వియ్యపు వరుసలు, తాతముత్తాతల మంచిచెడ్డలు అన్నియు తెలిసివచ్చునని వారి నమ్మకము.

ఇంటిపేర్లు పలు విధములు. కొన్ని ఊరిని బట్టి వచ్చినవి. పాలకుర్తి గ్రామమున వెలసిన సోమనాథ కవి పాల్కురికి సోమనాథుడుగా లోకమునకు తెలియవచ్చెను. కొన్ని వృత్తిని బట్టి వచ్చినవి. మరికొన్ని పూర్వులు నిర్వహించిన పదవిని బట్టి వచ్చినవి. ఏ విధముగ వచ్చినను అందలి ఊరు మన ఊరే, వృత్తి మన వృత్తియే, పదవి మన తాతగారిదే. తమది కాని త్యాగమును, తాము చేయని బలిదానమును తమ పేరుగా ధరించి తలయెత్తుకొని నడచినవారు లోకమున అరుదు. అట్టివారు వీరశైవ చరిత్రలో కలరు. చర్మకార వృత్తివారిలో ఒక పెద్ద సమూహము కర్ణాటకమున తమ్మును హరళయ్య సమాజమని పిలుచుకొనుచున్నది. ఆ పేరుగల మహనీయుడు ఎవరు, ఆయన చేసిన త్యాగమెట్టిది, ఆ పేరు వలన మనపై నిలిచిన ఋణమెట్టిది అని తెలుపుటకే ఈ వ్యాసము.

కల్యాణ పట్టణము

హరళయ్య జీవితము కల్యాణ పట్టణ చరిత్రతో పెనవేసికొని యున్నది. నేడు బసవకల్యాణమని పిలువబడు ఆ పట్టణము కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలో నున్నది. హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారికి అది చేరువ. మనకు అది పరాయి చోటు కాదు. 1956 అక్టోబరు 31 వరకు బీదరు జిల్లాయు, నాటి కరీంనగరు జిల్లాలోనిదైన మన కొడిమ్యాలయు ఒకే హైదరాబాదు రాష్ట్రమున నుండినవి. భాషను బట్టి రాష్ట్రములు విడివడిన పిమ్మటనే అది మైసూరు రాష్ట్రమున చేరెను.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణము పశ్చిమ చాళుక్యుల రాజధాని. చాళుక్య మూడవ తైలపుని బలహీనతను కనిపెట్టి, మంగళవాడ నేలుచుండిన కలచురి వంశజుడు బిజ్జలుడు 1157 ప్రాంతమున స్వతంత్రుడై క్రమముగా కల్యాణ సింహాసనమును కైవసము చేసికొనెను. ఆ బిజ్జలుని కొలువున భాండాగారికుడుగా నుండి తరువాత మహోన్నత స్థానమునకు వచ్చినవాడు బాగేవాడి బసవేశ్వరుడు. బ్రాహ్మణ కుటుంబమున పుట్టియు ఉపనయన సంస్కారమును నిరాకరించి, కూడలసంగమమునకు పోయి, అచట శివభక్తి మార్గమును సాధించినవాడాయన.

బసవేశ్వరుడు కల్యాణమున నెలకొల్పిన అనుభవ మంటపమునకు అల్లమప్రభువు అధ్యక్షుడు. అచటికి వచ్చినవారిని కులము అడుగు ఆచారము లేదు. చాకలి వృత్తినుండి మడివాళ మాచయ్య వచ్చెను. పడవ నడుపు వృత్తినుండి అంబిగర చౌడయ్య వచ్చెను. మేదరి వృత్తినుండి కేతయ్య, తోళ్ళను పదును చేయు వృత్తినుండి డోహర కక్కయ్య, త్రాళ్ళు పేను వృత్తినుండి నులియ చందయ్య వచ్చిరి. నేల రాలిన బియ్యపు గింజలను ఏరుకొని జీవించిన ఆయ్దక్కి మారయ్య లక్కమ్మ దంపతులు వచ్చిరి. ఎవరి చేతి పని వారికి కాయకము. ఆ పనివలన వచ్చినదానిని పదిమందితో పంచుకొనుట దాసోహము. ఈ రెండు మాటలలోనే బసవ ధర్మమంతయు ఇమిడియున్నది.

ఇచట ఒక విశేషమును గుర్తింపవలసియున్నది. బసవేశ్వరుడు తన వంశమును చెప్పుకొనవలసి వచ్చినచోట కన్నతండ్రి గోత్రమును చెప్పలేదు. మాదర చెన్నయ్య, డోహర కక్కయ్యలు తన ఇంటి పెద్దలనియు, కిన్నర బ్రహ్మయ్య తన అన్నయనియు చెప్పుకొనెను. పుట్టుకతో వచ్చిన ఇంటిపేరును విడిచి, లోకము అంటరానివారని త్రోసివేసినవారి పేరును తన ఇంటిపేరుగా స్వీకరించిన మొదటివాడు బసవేశ్వరుడే యని చెప్పవచ్చును. ఆయన వేసిన ఆ త్రోవలోనే తరువాతి కాలమున హరళయ్య పేరు వేలాది కుటుంబములకు చెందిన పేరయ్యెను.

హరళయ్య కాయకము

హరళయ్య సమగార కులమున పుట్టెను. సమగారులనగా చెప్పులు కుట్టువారు. ఆయన ధర్మపత్ని కల్యాణమ్మ. కుమారుడు శీలవంతుడు. ఊరి వెలుపల గుడిసె, ముంగిట తోళ్ళను నానవేయు లంద, చేతిలో ఆరె, ఎదుట చెప్పుల జతలు - ఇదియే ఆ కుటుంబపు సంపద.

ఈ వృత్తి ఎట్టిదో మన పల్లెలవారికి వేరుగ చెప్పనవసరము లేదు. సున్నపు నీటిలో తోలును నానవేసి వెండ్రుకలను తీయుట, తంగేడు చెక్క వేసిన లందలో దినముల తరబడి ఊరవేయుట, ఆరబెట్టి పదును చేయుట, కొలత చూచి కోసి వారులతో కుట్టుట - ఇన్ని పనులు చేసినగాని ఒక చెప్పుల జత తయారు కాదు. విద్యుత్తు మోటరులు రాకమునుపు మన బావులపై నడచిన మోట బొక్కెనకు తోలు తొండమును కుట్టి యిచ్చినవారును ఈ వృత్తివారే. వారి చేతి పని లేనిదే ఆనాడు పొలమున నీరు పారలేదు, కాలు ముల్లును తప్పించుకొనలేదు, శుభకార్యమున డప్పు మ్రోగలేదు. అయినను వారి నీడ పడరాదని లోకము శాసించెను. అందరికిని కావలసిన పనిని చేయించుకొని, ఆ పని చేసిన చేతిని అంటరాదనుట ఎంత విపరీతము!

అట్టి హరళయ్యకు బసవేశ్వరుని మార్గమున ఇష్టలింగము లభించెను. దేవుడు గుడిలో కాదు, తన అరచేతిలోనే ఉన్నాడని తెలిసెను. గుడి వాకిట నిలువనీయని మనిషికి తన శరీరమే గుడియైనది. ఆ దంపతులు తమ కాయకమును విడువలేదు. చెప్పులు కుట్టుచునే శివయోగమును సాధించిరి. వచ్చినదానిలో తమ పొట్టకు చాలినంత ఉంచుకొని తక్కినదానిని శరణుల సేవకు వినియోగించిరి.

శరణు - శరణార్థి

హరళయ్య జీవితమున ముఖ్య ఘట్టము ఒక నమస్కారముతో ఆరంభమగుచున్నది. శరణుల సంప్రదాయములో ప్రచారమున నున్న కథ యిది.

ఒకనాడు హరళయ్య దారిలో పోవుచుండగా బసవేశ్వరుడు ఎదురయ్యెను. హరళయ్య వినయముతో ప్రక్కకు ఒదిగి శరణు అని నమస్కరించెను. ప్రధానమంత్రి స్థానమున నున్న బసవేశ్వరుడు అంతకు మించిన వినయముతో శరణు శరణార్థి యని రెండు మార్లు ప్రతివందనము చేసి సాగిపోయెను. చూచువారికి అది చిన్న మాట. హరళయ్య గుండెలో మాత్రము అది పెద్ద బరువై కూర్చుండెను. తాను ఒక్క మారు మ్రొక్కగా ఆ మహానుభావుడు రెండు మార్లు మ్రొక్కెను. తక్కిన ఆ ఒక్క నమస్కారము తనపై ఋణమై నిలిచెను. ఈ ఋణమును ఏమిచ్చి తీర్చవలెను?

ఇంటికి వచ్చి భార్యతో చెప్పగా ఆ సాధ్వియు అదే విధముగ తలపోసెను. వారికి ధనము లేదు, ధాన్యము లేదు, పొలము లేదు. ఉన్నది చేతి విద్య యొకటి. ఆ విద్యతో బసవేశ్వరునికి పాదరక్షలు కుట్టి యిచ్చుటకు నిశ్చయించిరి. పశువు తోలు వారికి తగినదిగా తోచలేదు. హరళయ్య తన తొడ చర్మమును, కల్యాణమ్మ తన తొడ చర్మమును కోసి తీసి, పదును చేసి, ఆ రెండు చర్మములతో ఒక జత చెప్పులు కుట్టిరి.

ఇది వినుటకే ఒడలు జలదరించు విషయము. దీనిని అక్షరాల జరిగిన సంఘటనగా కొందరు, భక్తి పరాకాష్ఠను చూపు పురాణ గాథగా మరికొందరు భావింతురు. ఎట్లు తలచినను ఇందలి భావము ఒక్కటే. చచ్చిన పశువుల తోలుతో జీవించు అల్పుడని లోకము ఎవనిని త్రోసివేసెనో, వాడు తన సజీవ చర్మమునే కానుకగా ఇచ్చెను. అంటరానిదని లోకమన్న శరీరమును ప్రభువు పాదములకు అంటుకొని యుండు వస్తువుగా మార్చెను.

బసవేశ్వరుడు ఆ పాదరక్షలను చూచి చలించిపోయెను. వానిని కాలికి తొడుగుకొనలేదు. తలపై పెట్టుకొని, ఇవి తొడుగుకొను అర్హత తనకు లేదని, కూడల సంగమనాథునికే తగునని చెప్పి తిరిగి ఇచ్చెను. ఇచ్చినవాని త్యాగము కంటె పుచ్చుకొనవలసినవాని వినయము తక్కువ కాదని ఈ ఘట్టము తెలుపుచున్నది.

హరళయ్య ఆ చెప్పులను భద్రముగ ఇంటికి తీసికొనిపోవుచుండగా మధువరసు అను బ్రాహ్మణ మంత్రి ఎదురయ్యెను. చెప్పుల అందమును చూచి, చర్మకారుని మాటను లెక్కసేయక, బలవంతముగ వానిని కాళ్ళకు తొడుగుకొనెను. వెంటనే ఆయన శరీరమంతయు మంటలు పుట్టెను. ఏ వైద్యమునకును తగ్గలేదు. తుదకు హరళయ్య ఇంటి లందనీటిని తెచ్చి ఒంటిపై చల్లగా ఆ తాపము శాంతించెనని జనులు చెప్పుకొందురు. ఏ నీటిని చూచి ముక్కు మూసికొని తొలగిపోయెనో ఆ నీరే ఆయనకు తీర్థమైనది. ఆ దినముతో మధువరసు అహంకారము నశించెను. ఆయన బసవేశ్వరుని శరణు జొచ్చి లింగదీక్ష స్వీకరించెను. మధువరసు శరణుడై మధువయ్యగా ప్రసిద్ధుడయ్యెను.

కల్యాణమున జరిగిన కల్యాణము

మధువరసునకు లావణ్య అను కుమార్తె కలదు. హరళయ్యకు శీలవంతుడను కుమారుడు కలడు. ఈ ఇరువురికిని వివాహము చేయుటకు రెండు కుటుంబములు సమ్మతించినవి. శరణులందరు ఆశీర్వదించిరి.

ఇప్పటి చదువరికి ఇందలి సాహసము పూర్తిగ తెలియకపోవచ్చును. నాటి ధర్మశాస్త్రములు పై కులపు పురుషుడు క్రింది కులపు స్త్రీని పెండ్లాడుటను అనులోమమని ఏదో విధముగ సహించినవి. పై కులపు స్త్రీ క్రింది కులపు పురుషుని పెండ్లాడుటను ప్రతిలోమమని తీవ్రముగ నిషేధించినవి. అట్టి స్థితిలో బ్రాహ్మణ మంత్రి కూతురు చెప్పులు కుట్టువాని కోడలగుట లోకము తలక్రిందులైనట్లే. శరణుల దృష్టిలో మాత్రము ఇది కులాంతర వివాహమే కాదు. లింగధారణ జరిగిన పిమ్మట వారికి పూర్వ కులము లేదు. ఆయనయు శరణుడే, ఈయనయు శరణుడే. ఇంటి బిడ్డను ఇంటివారికే ఇచ్చిరి.

శరణులు కలిసి కూర్చుండి తత్త్వము మాట్లాడినన్నాళ్ళు కల్యాణపు పెద్దలు గొణుగుకొనిరి గాని కదలలేదు. కలిసి భుజించినప్పుడు కోపించిరి గాని ఓర్చుకొనిరి. పెండ్లి అనునప్పటికి ఓర్పు తీరిపోయెను. మాటలతో ఆగునంతవరకు సమత్వము ఎవరికిని ప్రమాదము కాదు. అది వంశమున ప్రవేశించినప్పుడే పునాదులు కదలును. ఈ సత్యము హరళయ్యకు, మధువరసునకు ఎంత తెలియునో వారి విరోధులకును అంతయే తెలియును.

బలిదానము

సంప్రదాయవాదులు బిజ్జలుని యొద్దకు పోయి వర్ణధర్మము చెడిపోవుచున్నదని మొరపెట్టిరి. రాజు మొదట ఏమి తలచెనో గాని తుదకు వారి మాటకు లొంగిపోయెను. హరళయ్యను, మధువరసును బంధించి కన్నులు పెరికించెను. పిమ్మట వారిని ఏనుగు కాళ్ళకు కట్టించి కల్యాణ వీథులలో ఈడ్పించి చంపించెను. కొన్ని కథనములలో శీలవంతుడు కూడ ఆ శిక్షకు పాత్రుడయ్యెను. ఇది 1167 ప్రాంతమున జరిగినదని చరిత్రకారులు సాధారణముగ లెక్కింతురు.

మన పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించిన బసవపురాణమున ఇద్దరు భక్తుల కన్నులను బిజ్జలుడు తీయించిన వృత్తాంతము కలదు. ఆ ఇరువురు హరళయ్య మధువరసులే యని పండితులు తలంతురు. వివాహ వృత్తాంతము మాత్రము తరువాతి కాలపు కన్నడ వీరశైవ పురాణములలోను, జన సంప్రదాయములోను విస్తరించినది. గ్రంథములలో వివరములు భేదించినను, ఒక చర్మకార శరణుడును బ్రాహ్మణ శరణుడును ఒకే నేరమునకు ఒకే శిక్షను ఒకే దినమున అనుభవించిరనుట అందరును నిలుపుకొన్న స్మృతి. బ్రతికినన్నాళ్ళు ఒకే బావినీరు త్రాగగూడని ఇద్దరి రక్తము ఒకే వీథిలో కలిసి పారెను.

ఆ ఘోరమునకు కల్యాణము అట్టుడికిపోయెను. బసవేశ్వరుడు కల్యాణమును విడిచి కూడలసంగమమునకు పోయి అచట లింగైక్యమందెను. కొలది కాలమునకే బిజ్జలుడు హతుడయ్యెను. జగదేవుడు మున్నగు శరణులు ఆయనను వధించిరని పురాణములు చెప్పుచున్నవి. రాజు సేనలు వెంటాడగా శరణులు చెల్లాచెదరైరి. చెన్నబసవేశ్వరుడు, అక్క నాగమ్మ మున్నగువారు పడమటి కనుమలలోని ఉళవి క్షేత్రము వైపు సాగిరి. వచన సాహిత్యపు తాళపత్రములను కాపాడుచు మడివాళ మాచయ్య వెనుకనుండి సేనల నెదిరించెనని ప్రతీతి. ఆ తాళపత్రములు ఎన్నో శతాబ్దములు మఠములలో, ఇండ్ల అటకలపై నిద్రించినవి. ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి మహాశయుడు (1880-1964) ఊరూరు తిరిగి వానిని సేకరించి 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించిన పిమ్మటనే లోకమునకు శరణుల వాణి మరల వినవచ్చెను. గిరీశ్ కర్నాడ్ 1990లో ప్రకటించిన తలెదండ అను కన్నడ నాటకము ఈ వివాహమును, దాని ఫలితమును ఇతివృత్తముగ గ్రహించినది.

పేరు నిలిచిన తీరు

రాజు హరళయ్య శరీరమును నశింపజేసెను గాని ఆయన పేరును ఏమియు చేయలేకపోయెను. కల్యాణము చెదరిపోయిన పిమ్మట వృత్తులవారందరు తమ తమ శరణులను తమ కులపెద్దలుగా నిలుపుకొనిరి. చాకలివారు మాచయ్యను, పడవవారు చౌడయ్యను, తోళ్ళు పదును చేయు డోహరులు కక్కయ్యను, చెప్పులు కుట్టువారు హరళయ్యను తమ పేరులో చేర్చుకొనిరి. పనిని వెదకుకొనుచు ఊళ్ళు విడిచి పోయినచోటికిని ఆ పేర్లు వెంట నడచినవి. ముంబయి నగరమున తోళ్ళ పరిశ్రమకు పేరుపడిన ధారావిలో నేటికిని ఒక వీథికి సంత్ కక్కయ్య పేరు కలదు. బసవకల్యాణమున హరళయ్య పేరిట గుహయు ఆయన స్మృతిస్థానమును కలవు.

ఆలోచింపగా ఇది ఎంత గొప్ప విషయము! అంతవరకు ఆ వృత్తివారిని లోకము పిలిచిన పేర్లు తిట్టుమాటలు. ఆ పేరు పలికినవాడు చులకనగా పలికెను, విన్నవాడు తల వంచుకొనెను. హరళయ్య తరువాత వారు తమకు తామే ఒక పేరు ఎన్నుకొనిరి. అది వృత్తిని దాచుకొనుటకు పెట్టుకొన్న పేరు కాదు. ఆ వృత్తిలోనే పుట్టి, ఆ వృత్తి విద్యతోనే మహత్కార్యము చేసి, ప్రాణమునకు వెరవని మనిషి పేరు. ఆ పేరు చెప్పుకొనువాడు తల వంచనక్కరలేదు.

అయినను ఈ పేరు విషయమున మూడు సంగతులను విస్మరింపరాదు.

మొదటిది, మధువరసు పేరు ఏ సమాజమును ధరించలేదు. ఆయన ప్రాణమునే కాదు, కులమును కూడ త్యాగము చేసెను. కులమును విడిచినవానికి పేరు నిలుపుటకు కులము మిగులలేదు. అందువలన ఆయన పేరును నిలుపు బాధ్యత శరణధర్మమును నమ్మినవారందరిదియు నగుచున్నది.

రెండవది, కల్యాణమ్మ, లావణ్యల పేర్లు. పాదరక్షలలో సగము కల్యాణమ్మ శరీరమే. కత్తి నొప్పి ఆమెకును అంతయే. లావణ్య తండ్రిని, మామను, లోకపు మన్ననను కోల్పోయెను. ఆ పెండ్లిలో అందరికంటె ఎక్కువగ పణము పెట్టినది ఆ బాలికయే. వారి పేర్లు ఏ ఇంటికిని పేరు కాలేదు. పేర్లు పురుషులవెంట నడచు ఆచారమును శరణులు కూడ పూర్తిగ దాటలేకపోయిరి. మన బాలికలకు ఈ రెండు పేర్లు పెట్టుకొనుటకు ఏ శాస్త్రమును అడ్డు కాదు.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. మనము హరళయ్యను తలచినప్పుడెల్ల చెప్పుల కథను చెప్పుకొందుము. పెండ్లి కథను అంత ఎక్కువగ చెప్పుకొనము. కారణము సులభముగ తెలియును. చెప్పులకు పూజ చేయవచ్చును, పటమునకు దండ వేయవచ్చును, ఊరేగింపు చేయవచ్చును. అందువలన మన ఇంటిలో ఏ మార్పును రాదు. పెండ్లి కథ అట్లు కాదు. అది వినినవానిని ఒక ప్రశ్న అడుగును. నీ ఇంటికి కోడలు ఎవరింటి నుండి వచ్చెను, నీ కూతురు ఎవరింటికి పోయెను అని అడుగును. హరళయ్య చర్మమును ఇచ్చినందులకు ఎవరును చంపలేదు. కుమారునికి పెండ్లి చేసినందులకు చంపిరి. ఆయన ప్రాణమిచ్చిన విషయమును విడిచి, ప్రాణము పోని విషయమును మాత్రమే పూజించుట ఆయనను సగమే స్మరించుట.

మన కర్తవ్యము

శరణబంధువులారా! హరళయ్య బలిదానము జరిగి ఎనిమిది వందల యేబదియేండ్లు దాటినవి. ఏ వివాహమును నేరమని బిజ్జలుడు శిక్షించెనో ఆ విధమైన కులాంతర వివాహములను 1949లో చేసిన హిందూ వివాహముల చెల్లుబాటు చట్టము న్యాయసమ్మతమని ప్రకటించెను. భారత రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసెను. దానిని పాటించువారిని శిక్షించుటకు 1955లో చట్టము వచ్చెను. హరళయ్య మధువరసులు ఏ కార్యమునకై ఏనుగు కాళ్ళ క్రింద పడిరో ఆ కార్యము నేడు ఈ దేశపు చట్టము. అయినను కులము దాటి పెండ్లాడినందులకు కన్నవారి చేతనే బిడ్డలు హతులగుచున్న వార్తలు మన రాష్ట్రమున కూడ వినుచునే యున్నాము. బిజ్జలుడు పోయెను గాని ఆయన తీర్పు మన ఇండ్లలో ఇంకను చెల్లుబాటగుచున్నది.

మన సంగతి ఏమి? బసవ జయంతినాడు సభ చేయుదుము. కులభేదము లేదని ఉపన్యసింతుము. వేములవాడ రాజన్న సన్నిధిలో కోడెను కట్టుటకు అన్ని కులములవారితో కలిసి బారులు తీరి నిలుతుము. అచట ప్రక్క మనిషి ఇంటిపేరు అడుగము. ఇంటికి వచ్చి సంబంధము మాట్లాడునప్పుడు మాత్రము మొదట ఇంటిపేరు, పిమ్మట శాఖ, పిమ్మట ఉపశాఖ అడుగుదుము. లింగధారులలోనే ఒక శాఖవారు మరియొక శాఖవారికి పిల్లను ఇచ్చుటకు వెనుకాడు సందర్భములు ఎన్ని లేవు? ఇక చర్మకార కుటుంబమునుండి లింగధారియైన పిల్లవాడు వచ్చి కూర్చుండినచో, హరళయ్య పటమున్న గోడ క్రిందనే మనము ఏమి సమాధానము చెప్పుదుము?

ఇది ఎవరినో నిందించుటకు వ్రాసినది కాదు. ఆచారమును ఒక్క దినమున మార్చుట ఎంత కష్టమో అందరికిని తెలియును. పెద్దల మాట, బంధువుల మాట, తక్కిన పిల్లల సంబంధముల చింత - ఇవన్నియు నిజమైన భయములే. హరళయ్యకును ఆ భయములు లేకపోలేదు. ఆయనకును ఒక్కడే కుమారుడు. మధువరసునకును పరువు కలదు, పదవి కలదు. పోగొట్టుకొనుటకు ఏమియులేని మనిషి చేసిన పని కాదది. అంతయు పోవునని తెలిసి చేసిన పని.

కనుక చిన్న అడుగులతో ఆరంభింపవచ్చును. శుభకార్యముల పంక్తిలో ఎవరిని ఎక్కడ కూర్చుండబెట్టుచున్నామో గమనింపవచ్చును. మన ఊరి చర్మకార వాడలో చదువుకొను పిల్లలకు బసవ జయంతి సభలో ముందు వరుసలో చోటీయవచ్చును. హరళయ్య కథను వారి పెద్దల నోటనే వినవచ్చును. సంబంధము వచ్చినప్పుడు మొదటి ప్రశ్నగ ఇంటిపేరును కాక కాయకమును అడుగవచ్చును. ఏమి పని చేయుచున్నాడు, నిజాయితీగ చేయుచున్నాడా, వచ్చినదానిలో పదిమందికి పెట్టు గుణము కలదా అని అడుగవచ్చును. శరణులు మనిషిని కొలిచిన కొలత ఇదియే.

ఇతరుల త్యాగమును పేరుగా ధరించుట గౌరవము. గౌరవముతోపాటు అది ఋణము కూడ. ఒక్క నమస్కారము ఎక్కువైనందులకే హరళయ్య తనను ఋణస్థునిగా తలచి చర్మమును ఒలిచి యిచ్చెను. ఆయన మనకు ఇచ్చినది ప్రాణము. బసవేశ్వరుని పేరు, శరణుల పేరు చెప్పుకొని సంఘమున మన్నన పొందుచున్న మనము ఆ ఋణములో ఎంత భాగము తీర్చితిమో ఎవరికి వారు లెక్క చూచుకొనవలెను. ఆ లెక్క చూచుటకు హరళయ్య సమాజమున పుట్టినవారే కానక్కరలేదు. అరచేతిలో లింగమును ధరించిన ప్రతివారును ఆ ఇంటివారే.

అట్టి ఇంటివారమని చెప్పుకొను యోగ్యత కూడలసంగమదేవుడు మనకందరకు ప్రసాదించుగాక!

శరణు శరణార్థి.